చేపకు చూసిన సంబంధం

మా ఆయన పోయాక మందమర్రిలో ఉన్న అమ్మ దగ్గరికి, మా అవ్వ దగ్గరికి వచ్చేసినప్పుడు, చీరలూ పుస్తకాలతో పాటు నేను తెచ్చుకున్నది రెండు బంగారు చేపలున్న గాజు తొట్టి. మొన్న ఎండాకాలం అందులో ఒకటి చచ్చిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పంచాయితీ. మిగిలినదానికి జోడు తేవాలా, వద్దా?

తేవాలని అవ్వ. వద్దని నేను. "మల్ల తెస్తే, అది గిట్ల చస్తే, మల్ల ఎవ్వలు ఏడ్వాలె?" అని కసిరేదాన్ని. నా కోపం ముక్కు మీదే ఉంటుందని నేను చదువు చెప్పే బడి పిల్లలకు కూడా తెలుసు. అవ్వ మాత్రం పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చుని, "ఒంటిగ ఎంతసేపు తిరుగుతవే తల్లీ" అని దాంతో ముచ్చట పెట్టేది.

చివరికి నాతో కాదనుకుని, కరీంనగర్‌లో ఉన్న తన తమ్ముడికి, అంటే మా మామకు ఫోన్ చేసింది. అక్కడైతే పెద్ద దుకాణాలుంటాయని ఆమె ఆలోచన. "తమ్మీ, అది ఒంటిగ ఉంటే సూడలేకపోతున్న. జర మంచి జోడు జూడు" అన్నదట. చేప అనే మాట మాత్రం అనలేదు. మా వైపు చేపా 'అదే', కన్నకూతురూ 'అదే'.

ఆదివారం మామ దిగాడు. చేతిలో చేప లేదు, చొక్కా జేబులో ఫొటో ఉంది. "మనిషి బుద్ధిమంతుడు అక్కా. భైంసాల పత్తి యాపారం. పెండ్లాం పోయి శాన దినాలాయె" అని మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను నీకు బరువైన్నా అవ్వా? నన్నడగకుంట గీ సంబంధాలేంది?" అని విరుచుకుపడ్డాను.

అవ్వ తెల్లబోయింది. "నేను చేప ముచ్చట చెప్పిన గదరా!" అన్నది తమ్ముడితో. మామ నోరు తెరిచి తొట్టి వంక చూశాడు. ముగ్గురికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నేను నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను.

మామ పాపం, తప్పు చేసినవాడిలా ఫొటో జేబులో పెట్టేసుకున్నాడు. అవ్వ నా వీపు నిమురుతూ, "చేపకు నోరు లేదు బిడ్డా. దానికేం గావాల్నో మనమే అనుకోవాలె. నీకు నోరున్నది. వద్దంటే వద్దు, ఎవ్వలు బలవంతం చెయ్యరు. గని కోపంతోని అనకు" అన్నది.

నాకు తోడు ఇష్టం లేక కాదు. ఇంకోసారి పోగొట్టుకోవడం నా వల్ల కాదు, అంతే. ఆ మాట ఇన్నాళ్లూ చేప పేరు చెప్పి అన్నాను. ఆ రోజే మొదటిసారి, "బయమైతది అవ్వా" అని నా నోటితో నేను చెప్పుకున్నాను.

"నాకు గాదా? అయినా పొద్దుగాల లేస్తలేనా?" అన్నది అవ్వ.

కళ్లు తుడుచుకుని, చేపకు జోడు తెద్దామన్నాను. అవ్వ ముఖం విప్పారింది. మామ అప్పటికే గడపలో చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"మామా, జర ఆగు. ఏదీ, గా ఫొటో ఒక్కసారి చూపియ్యి."