లాభం, రెండు, మూడు

పోయిన ఆదివారం హోసూరులో పాత బండ్ల వాళ్లంతా ఒకచోట చేరారు. కూరగాయల సంచీతో ఆ పక్కగా పోతున్న నా ముక్కుకు నీలం పొగ తగిలింది. పెట్రోలూ నూనే కలిసి కాలే ఆ వాసన, కొంచెం తియ్యగా, కొంచెం మాడినట్టుగా, గొంతులో గరగరలాడుతూ, నన్ను సంచీతో సహా అక్కడే నిలబెట్టేసింది. అరవై దాటిన మగవాళ్లు ట్యాంకులకు పొట్టలు ఆనించి, ఎవరెంత వేగంగా తోలారో చెప్పుకుంటున్నారు. వాళ్లలో మా అత్త కొడుకూ ఉన్నాడు. నన్ను చూపించి పక్కవాళ్లతో, "ఈయమ్మ చిన్నాయన ఉండాడే, శూలగిరి మిట్టలో మదమెక్కి తోలి పడినాడప్పా. ఆ వేగమే ఆయప్ప బండిని మింగింది" అన్నాడు.

నలభై ఏళ్లుగా మా బంధువుల్లో నడుస్తున్న కథ ఇదే. పెళ్లి పంక్తిలో పాయసం వచ్చేలోపు ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు తలూపుతారు. శుద్ధ తప్పు. ఆ రోజు బండి వెనక కూర్చున్నది నేను, వీళ్లెవరూ కాదు. చిన్నాయన వేగంగా తోలేవాడు, నిజమే. పడింది మాత్రం వేగం వల్ల కాదు.

మాది హోసూరులో ధాన్యం అంగడి. ముందు అంగడి, దాని వెనక మూటల గది, ఆ గదికి వెనక వసారా, వసారాకు గదికి మధ్య ఎప్పుడూ తెరిచే ఉండే ఒక తలుపు. మూటల గదిలో తాత పడి అనే కొలపాత్రతో రాగులు కొలుస్తూ పైకి లెక్కపెట్టేవాడు. వర్తకుల ఇంట ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు పలుకుతుందని ఆరున్నొకటి అంటారు. లాభం, రెండు, మూడు అంటూ సాగే ఆ గొంతు, గోనెసంచుల దుమ్ము, పొయ్యి మీద పొంగే ఉలవచారు వాసన, పొద్దున్నే చలికి దుప్పటి ముసుగేసుకుని అరుగు మీద ఎండ కాచుకునే అవ్వ, ఇవన్నీ కలిస్తేనే నాకు ఇల్లు.

ఆ ఇంట్లోకి మా నాన్న తమ్ముడు, అప్పటికింకా పెళ్లికాని చిన్నాయన, మైసూరులో తయారైన ఒక పాత బండిని కొని తెచ్చాడు. ఇంజను ఒకటే అయినా సైలెన్సర్లు రెండు కాబట్టి వీధంతా దాన్ని జోడు గొట్టాల బండి అనేది. కిక్కు కొట్టిన కడ్డీనే మడిచి గేరుగా వాడే ఆ వింత చూడడానికి పిల్లలమంతా గుమిగూడేవాళ్లం. గచ్చకాయలు ఆడుతున్నా సరే, రోడ్డు మలుపు అవతల దాని చప్పుడు వినబడితే గుప్పెట్లో కాయలు గుప్పెట్లోనే ఆగిపోయేవి. ఆయుధ పూజకు తాత తక్కెడ పక్కన నిలబడి అదీ కుంకుమ పెట్టించుకునేది, చక్రాల కింద నిమ్మకాయలు చితికేవి, బొరుగులూ బెల్లమూ దాని సీటు మీదినుంచే మాకు పంచేవారు. తాతకు మాత్రం అది కంట్లో నలుసు. "ఒక్కసారి కింద పడిందా, ఆ పొద్దే అమ్మేస్తా. మళ్లా నన్ను అడగొద్దు" అని మొదటి రోజే చెప్పేశాడు. చిన్నాయన సరేనన్నాడు, దాన్ని పడనిచ్చేది లేదన్న ధీమాతో.

ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు. ఎంత వేగంలోనైనా అతని ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్చు మీదే ఉండేవి. "నూనె చాలకుంటే ఇంజను పట్టేస్తుంది పాపా. ఇంజను పట్టేస్తే చక్రమూ పట్టేస్తుంది. ఈ రెండు వేళ్లు నిద్రపోకూడదు" అనేవాడు. ఆ నూనె కలిపే పని నాది. బంకులో కలిపిచ్చే నూనెను అతను నమ్మడు. లీటరు పెట్రోలుకు దగ్గుమందు సీసా మూతతో ఐదు మూతలు, రెండు లీటర్ల డబ్బాకు పది. "తాత మనవరాలు కొలత తప్పదు" అని అతను అందరి ముందూ అంటే నాకు అంగడి తాళాలు చేతికిచ్చినంత గర్వం. నాకప్పుడు పదేళ్లు.

ఆ మే నెలలో, వేప్పనపల్లిలో అవ్వ తమ్ముడి తోటలో మామిడి కోతలని కబురొచ్చింది. చిన్నాయన నన్నూ రమ్మన్నాడు. ముందురోజే ట్యాంకు కడిగి ఆరబెట్టాడు కాబట్టి అందులో చుక్క పెట్రోలు లేదు. అతను వసారాలో చక్రానికి గాలి కొడుతున్నాడు, పక్కనే నేను పెట్రోలు డబ్బాలో నూనె పోస్తున్నాను, లోపల తాత రాగులు కొలుస్తున్నాడు. లాభం, రెండు, మూడు అన్నానో లేదో, అవ్వ వచ్చి నిలబడింది.

"ఏమ్మే, ఆడపిల్లవి, అటొక కాలు ఇటొక కాలు ఏసి కూచుంటావంట! ఊరోళ్లు నగరా?"

"నగనీ అవ్వా. పడితే లేపేది ఊరోళ్లా?"

"ఒగపక్కకే కూచోవల్ల, అంతే."

"అట్లయితే నువ్వు ఒగపక్కకే కూచోని చూపీ, నేను చూస్తా."

అవ్వ మూతి తిప్పుకుని పోయింది. గెలిచాననుకున్నాను. గెలిచిన సంతోషంలో చేతిలో మూత అలాగే ఉంది, నోటికి మాత్రం లోపలినుంచి తాత గొంతు అందింది: ఎనిమిది, తొమ్మిది, పది. నేనూ తాతతో పాటే పది అనేసి డబ్బా మూత బిగించాను. పది మూతల నూనె పడాల్సిన చోట పడింది మూడే. మిగతా ఏడూ తాత రాగులు.

శూలగిరి మిట్ట ఎక్కుతున్నప్పుడు వెనక్కి చూశాను. ఎప్పుడూ తోకలా వచ్చే నీలం పొగ లేదు. మనం ఎంత వేగంగా పోతున్నామంటే పొగ కూడా అందుకోలేకపోతోందని మురిసిపోయాను. అంతలో ఇంజను కీచుమంది. ఆ రెండు వేళ్లు క్లచ్చు లాగేశాయి, చక్రం విడిపోయింది, బండి పక్కన కంకర మీదికి పోయి మెల్లగా ఒరిగింది. నా మోకాలు గీసుకుంది, అతని మోచెయ్యి. అంతే. ఆ వేళ్లు నిద్రపోయి ఉంటే వెనకాల వస్తున్న లారీ కింద ఇద్దరం ఉండేవాళ్లం.

ఇంజను చల్లారాక చిన్నాయన ప్లగ్గు విప్పాడు. మంచి ప్లగ్గు టీ రంగులో ఉండాలని, నూనె చాలకపోతే తెల్లబడుతుందని నాకు నేర్పింది అతనే. ఇది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. చేతిగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మోకాలు మండుతా ఉందా పాపా?" అన్నాడు.

సాయంత్రం లారీలో బండి ఇల్లు చేరింది. వెంట వచ్చిన మెకానిక్ తాత ఎదుటే అడిగాడు: "నూనె కలిపినారా లేదాప్పా?"

"కలిపినామప్పా. నేనే మదమెక్కి తోలినాను" అన్నాడు చిన్నాయన.

ఇంట్లో అందరి నోళ్లూ మూయించగల నేను ఆ పూట మూటల గదిలోకి పోయి గోనెసంచుల వెనక దాక్కున్నాను. వారం తిరక్కుండానే తాత ఆ బండిని కృష్ణగిరి మామిడి వ్యాపారి ఒకాయనకు అమ్మేశాడు. ఆయన అప్పుడప్పుడూ మా వీధిలోంచే పోయేవాడు. చప్పుడు వినగానే అంగడిలో చిన్నాయన చెయ్యి రాగుల పడి మీద ఆగిపోయేది. బండి మలుపు తిరిగాక మళ్లీ లాభం నుంచి కొలిచేవాడు.

ఆ దీపావళికి అంగడి పనికని తాత ఒక చిన్న మోపెడ్ కొన్నాడు. దానికీ పెట్రోలులో నూనె కలపాలి. నేను వసారా దరిదాపులకు పోలేదు. చిన్నాయనే నన్ను వెతుక్కుంటూ వచ్చి, అదే దగ్గుమందు మూత నా చేతిలో పెట్టాడు. "లాభం నుంచి మొదులుపెట్టు" అన్నాడు. లోపల తాత రాగులు కొలుస్తున్నాడు. చిన్నాయన లేచి, మా ఇంట్లో ఏనాడూ ఎవరూ మూయని ఆ తలుపు మూశాడు. "గాలికి నూనె చిందుతుంది" అన్నాడు. మూత మూతకూ ఆగి, పది పోశాను. తర్వాత ఆ మోపెడ్ మీదే నాకు తోలడం నేర్పాడు, దాని మీదే కాలేజీకి పోయాను, తప్పు చేసినవాళ్ల చేతికి అదే పని మళ్లీ ఇవ్వడమంటే ఏమిటో నాకు ఏ చదువూ అంతకన్నా బాగా చెప్పలేదు.

ఇదంతా మొన్న ఆదివారం ఆ మగవాళ్ల ముందే మా అత్త కొడుకుకు చెప్పాను. "నీకేమి తెలుసమ్మా, చిన్నపిల్లవి అప్పుడు" అని నవ్వాడు. వాడితో పని లేదు. మూటల గది ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది, ఆ తలుపు ఎవరింటి పొయ్యిలో కాలిందో తెలియదు, లాభం అని మొదలుపెట్టి లెక్కపెట్టేవాళ్లు ఈ బజారులో ఒక్కరూ లేరు. నా స్కూటర్‌కు క్లచ్చే లేదు, అయినా మిట్ట ఎక్కుతుంటే ఎడమచేతి రెండు వేళ్లు వాటంతటవే చాచుకుంటాయి.

చిన్నాయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి. అక్కరకొచ్చిన మాటలే వినబడే చెవులు. ప్లగ్గు గురించి అడిగితే "యా ప్లగ్గు?" అంటాడు, తలుపు గురించి అడిగితే కాఫీ తాగి పొమ్మంటాడు. ఎన్ని మాటలైనా తిప్పుకో చిన్నాయనా, నేను అడిగేది ఒక్కటే: ఆ పొద్దు నిజంగా గాలి వీచిందా?