జర్మన్ విమానం రెక్క మీద అతుకు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం. ఇప్పటికీ అంతే. ఇది దెయ్యం సంగతి అని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి రంగూన్‌లో ఒక జర్మన్ యుద్ధ విమానాన్ని ప్రదర్శనకి పెట్టారు. మెసొపొటేమియాలో పట్టుకున్నది. చౌక్తడా పేటలో మా ఆఫీసుకి దగ్గర్లోనే, ఒక రేకుల షెడ్డులో. దాన్ని చూసుకునే దొర యుద్ధంలో విమానాల మెకానిక్కు. మన తెలుగు రేవు కూలీలు తెగ వస్తున్నారని, విమానం చరిత్ర కనుక్కుని తెలుగులో ఒక బోర్డు రాసిపెట్టమని మా ఆఫీసులో నాకు పురమాయించారు.

నాకు ఇష్టం లేదు. మా తమ్ముడు సూరి పోయింది ఆ దేశంలోనే. రంగూన్ రేవులో తెరచాపలు, గుడారాలు కుట్టేవాడు. కూలీల దళంలో ఆ దేశపు రేవు బస్రాకి తీసుకెళ్ళారు. యుద్ధం ఆగడానికి ఏడాది ముందు కలరాతో చనిపోయాడని సర్కారు కాగితం వచ్చింది. అమ్మ నమ్మలేదు.

"ఎవుడు సూసేడు? కాయితం సెప్తే నా కొడుకు సచ్చిపోతాడేటి?" అనేది. ఎన్నేళ్ళయినా కర్మ చెయ్యనివ్వలేదు. ఇంట్లో సూరికి బతికున్నవాడిగా చోటు లేదు, చచ్చినవాడిగానూ లేదు. అలా ఉండేది.

మా చెల్లెలి మొగుడు అప్పన్నని తోడు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. లోపల పాత నూనె, ముక్కిపోయిన గుడ్డ కంపు. నడిపేవాడు కూర్చునే చోట గోధుమరంగు మరక ఉంది. నెత్తురు. వచ్చినవాళ్ళకి దొర ముందు అదే చూపిస్తున్నాడు. ఆడవాళ్ళు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మరీ వంగి చూస్తున్నారు. ఒక పెద్దమనిషి గుండు దిగిన కన్నంలో వేలు పెట్టి తిప్పుతున్నాడు. 

"ఏటి బావా, ఇనప గెద్ద అనుకున్నాను. రెక్కలకి గుడ్డేటి? మీ సెల్లి కోక దీనికంటే గట్టిది," అన్నాడు అప్పన్న.

దొర చరిత్ర చెప్పాడు. యుద్ధం చివరి వేసవిలో దీన్ని కాల్చి కిందికి దింపారట. అప్పుడే రెక్క చిరిగిందట. బస్రాలో తమ వర్క్‌షాపులో కుట్టించారట. ఎవరు కుట్టారని అడిగాను. ఎవడో కూలీ, వాడి పేరు కూడా బోర్డు మీద రాస్తావా అని నవ్వాడు.

అతుకు దగ్గరికి వెళ్ళాను. కుట్లు ఎడమవైపుకి వాలి ఉన్నాయి. సూరిది పుర్రచేయి. నాన్న ఎంత కొట్టినా మారలేదు. చివర్న మా ఇంటి ముడి. మా వాళ్ళు తెరచాప బాగుచేస్తే ఆఖరి ముడిలో తల్లి తలవెంట్రుక ఒకటి కలిపి వేస్తారు, ఆ చాప తిరిగి ఇంటికి రావాలని. సూరి ఓడ ఎక్కే రోజున అమ్మ తన జుట్టు ఉండచుట్టి చేతిలో పెట్టింది.

అప్పన్న ముడి చూసి వేళ్ళ మీద ఏళ్ళు లెక్కవేశాడు. "కాయితం వొచ్చిన ఏడాదికి కుట్టేడు బావా! మనోడు బతికే ఉన్నాడు."

నేను ఆపేలోపే వెళ్ళి అమ్మకి చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని మేముండే పజుండౌంగ్ పేట నుంచి నడిచి వచ్చింది. మరక వైపు చూడలేదు. కుట్ల మీద వేళ్ళు పెట్టి తడిమింది. అన్నేళ్ళ తర్వాత ఆమె నవ్వడం చూశాను. తర్వాత వంగి, ముడిలోంచి వెంట్రుక కొస గోటితో పైకి లాగింది.

తెల్ల వెంట్రుక.

ముందురోజు నేను ముడిని చూశాను గాని, ఇది గమనించలేదు. సూరి వెళ్ళేనాటికి అమ్మ తలలో ఒక్క నెరిసిన వెంట్రుక లేదు. కాగితం వచ్చాక, ఆర్నెల్లు తిరక్కుండానే తలంతా తెల్లబడింది.

"ఇది నేనిచ్చింది కాదురా. బతికున్నోడైతే నల్లదే యేసేవోడు. సచ్చినాక ఆడొచ్చి నా తల్లోంచి పట్టుకెల్లేడు," అంది అమ్మ. ఏడవలేదు. "ఇంక కర్మ సేసెయ్యి."

ముసలావిడ ఏమంటోందని దొర అడిగితే, ఇది ఆమె కొడుకు కుట్టిన అతుకని చెప్పాను. కొడుకు జ్ఞాపకంగా ఆ ముక్క కోసిమ్మంటే ఇస్తానన్నాడు. అప్పటికే కత్తెర తీశాడు. అమ్మ అతుకు మీద అరచెయ్యి పరిచి నిలబడింది. బోర్డు నేను రాయనని చెప్పేసి, ఆమెని తీసుకుని బయటికి వచ్చి, కాలవ ఒడ్డున వాంతి చేసుకున్నాను.

తర్వాత ఎన్నో విధాల ఆలోచించాను. పుర్రచేతివాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళకీ ముసలి తల్లులు ఉంటారు. ఆ ముడి తెలిసిన మా ఊరి మనిషి మరొకడు అప్పట్లో బస్రాలో ఉన్నాడేమోనని రేవంతా అడిగాను. ఎవరూ ఎరగరు. కాగితమే తప్పయి ఉండొచ్చు. అదే నిజమైతే బతికున్న తమ్ముడికి పిండం పెట్టినవాణ్ణి అవుతాను.

ఆ ముడి ఎవరు వేశారో నాకు తెలియదు. కర్మ నాడు పురోహితుడు పోయినవాడి పేరు చెప్పమన్నప్పుడు నేను తడబడ్డాను. అమ్మే చెప్పింది.