సలోమక్క గెలిచిన బరువులు

ఫిబ్రవరి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డు ముందు నుంచి వెళ్ళే ఏ బస్సులోనైనా తుమ్ములు మొదలవుతాయి. మొన్న కూడా అంతే. కండక్టరు ముక్కుకి జేబురుమాలు కట్టుకున్నాడు. నా పక్కన కూర్చున్న విశాఖపట్నం ఆవిడ పైటకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, "మీరింత నిమ్మళంగా ఎలా కూర్చున్నారండీ?" అని అడిగింది. నాకు ఘాటు తెలియదు. గొప్పకి చెప్పడం కాదు, నిజంగానే తెలియదు. మిరపకాయలు ఎండబోసే కళ్ళంలో పాకుతూ పెరిగిన ముక్కు నాది. ఒకసారి ఈ ముక్కే నా కొంప ముంచింది. ఆ సంగతి ఆవిడకి చెప్పబోయి ఊరుకున్నాను. అది చెప్పాలంటే సలోమక్క గురించి చెప్పాలి. సత్తెనపల్లి వచ్చేలోపు తెమిలే కథ కాదది.

సలోమక్క బాక్సరు. రాష్ట్ర పోటీల్లో నాలుగు వేరువేరు బరువుల్లో మొదటి స్థానం గెలిచిన మనిషి. తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. బాక్సింగులో ఎవరి బరువుకి సరిపడ్డవాళ్ళతో వాళ్ళే ఆడాలి. నలభై ఎనిమిది కిలోల పిల్లని తీసుకెళ్ళి యాభై ఏడు కిలోల పిల్ల ముందు నిలబెట్టరు. చాలామందికి ఒక్క బరువులో గెలవడానికే వయసంతా అయిపోతుంది. ఆమె నలభై ఐదులో గెలిచింది, నలభై ఎనిమిదిలో గెలిచింది, యాభై ఒకటిలో గెలిచింది. ఇక అయిపోయిందిలే అని అందరూ మరిచిపోయాక, ముప్పై రెండేళ్ళ వయసులో, ఒక బిడ్డ తల్లిగా యాభై ఏడులో గెలిచింది. ఎవరైనా నీ కథ చెప్పమంటే కిలోల్లో చెప్పేది. "నలభై ఐదంటే మా అమ్మతో కూలికి పోయి గంజి తాగిన రోజులు. నలభై ఎనిమిది హాస్టల్ సాంబారు. యాభై ఒకటి పెళ్ళైన కొత్త, మా అత్త బాగానే పెట్టింది పాపం. యాభై ఏడు మా జాయ్ పుట్టాక." ఇంతే చెప్పి నవ్వేది. ఆ నవ్వులో పై పన్ను ఒకటి ఉండేది కాదు. అది ఏ బరువులో పోయిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఆమె దగ్గర చేరేనాటికి ఆమె ఆట మానేసి సత్తెనపల్లిలో ఒక చర్చి బడిలో పీఈటీగా పనిచేస్తోంది. మా ఊరి చివర గిట్టుబాటు కాక వదిలేసిన పొగాకు బ్యారన్, అంటే ఆకు ఆరబెట్టే కొట్టం, ఒకటి ఉండేది. దాని యజమానిని బతిమాలి తాళం తీయించి, పొద్దున్నే మా ఏడుగురు ఆడపిల్లలకి అందులో ఆట నేర్పేది. ఒకప్పుడు పొగాకు మండెలు వేలాడదీసిన వాసాలకే గోనెసంచి కట్టి, అందులో పాత గుడ్డలూ పనికిరాని పత్తీ కూరి, దాన్ని గుద్దమనేది. గుద్దినప్పుడల్లా గోడల్లోంచి పాత పొగాకు వాసన లేచేది. ఆ బ్యారన్‌లో ఆమె పెట్టిన నియమం ఒకటే: బరువు తగ్గించుకోవడం కుదరదు. పోటీకి ముందు తిండి మానేసి, చెమటలు కక్కి, కింది బరువులోకి దిగి తమకన్నా చిన్నవాళ్ళని కొట్టి రావడం అన్నిచోట్లా మామూలే. ఒకసారి నేనూ పొద్దున సద్దన్నం తినకుండా వచ్చాను. ఎలా కనిపెట్టిందో కనిపెట్టింది.

"ఏందే, మొహం అట్టా పీక్కుపోయింది?"

"నలభై ఐదులోకి దిగుదామనుకుంటున్నా అక్కా. అక్కడ గట్టోళ్ళు లేరంట."

"గట్టోళ్ళు లేని చోటికి పోయి నువ్వేం పొడుస్తావు? పెరిగే పిల్లవి, పెరుగు. పెరిగితే పైనోళ్ళ దగ్గరికి పో. అంతేగాని కిందికి చూడబాక." తన టిఫిన్ డబ్బా మూత తీసి నా చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది. ఆ రోజు ఆమె మధ్యాహ్నం ఏం తిన్నదో నాకు తెలియదు, అడగాలన్న బుద్ధి కూడా ఆ వయసులో లేదు.

నా పదో తరగతి అయిపోయిన ఏడాది మా అమ్మ గడువు పెట్టింది. మాది కౌలు సేద్యం, మిరపా పత్తీ. నాన్న లేడు. అమ్మ చెడ్డది కాదు, అలిసిపోయింది. "ఈ ఒక్క ఏడే చూస్తానే నాగా. ఆ హాస్టల్లో సీటొస్తే పో, చదువుకో, కొట్టుకో, ఏదన్నా చెయ్యి. రాకపోతే నాతో చేలోకి రావాలి" అంది. క్రీడా హాస్టల్లో సీటు రావాలంటే గుంటూరులో జరిగే జిల్లా ఎంపికలో నా బరువులో మొదటి స్థానం రావాలి. అప్పటికి నేను నలభై ఏడు కిలోలున్నాను, అంటే నలభై ఎనిమిది విభాగం. ఎవరి గ్లవ్స్ వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. బ్యారన్ మొత్తానికి మంచి గ్లవ్స్ జత ఒక్కటే ఉండేది. సలోమక్క దాన్ని నాకిచ్చి, "పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకో" అంది.

చూసుకున్నాను. అదే నేను చేసిన తప్పు. పోటీకి రెండు రోజుల ముందు వాన పడి, ఇంటి కప్పు కారి అవి తడిసి ముద్దయ్యాయి. మా ఇళ్ళలో ఏది తడిసినా ఎండబెట్టే చోటు కళ్ళమే. పట్టా మీద ఎర్రగా పరిచిన మిరపకాయల పైన ఆ గ్లవ్స్ పెట్టాను. అక్కడ ఎండ బాగా తగులుతుంది, కింద వేడి కూడా ఉంటుంది. సాయంత్రానికి పెళపెళలాడుతూ ఎండాయి. దులిపాను, గుడ్డతో తుడిచాను, వాసన చూశాను. నా ముక్కుకి ఏమీ తెలియలేదు.

గుంటూరు పోటీలో మా బరువుకి వచ్చింది ఇద్దరమే. నా ఎదుటి పిల్ల పేరు దీవెన. చీరాల అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చి గుంటూరులో చదువుకుంటోంది. మంచి ఆటగత్తె. మొదటి రౌండులో నన్ను ఆడించింది. రెండో రౌండులో ఉన్నట్టుండి తడబడింది, రెప్పలు టపటపలాడించింది, చెయ్యెత్తి కళ్ళు తుడుచుకోబోయింది. నేను ఊరుకుంటానా? వరసగా నాలుగు కొట్టాను. రిఫరీ ఆట ఆపి ఆమె మొహం చూశాడు. చెమట పడిందేమోనన్నారు వాళ్ళ వైపువాళ్ళు. నీళ్ళతో కడిగారు. కడిగినకొద్దీ కళ్ళు ఇంకా ఎర్రబడ్డాయి. ఆట కొనసాగించలేదని రిఫరీ నా చెయ్యి పైకెత్తాడు. సీటు వచ్చేసింది! అమ్మకి ఎలా చెప్పాలా అని అప్పుడే మాటలు పేర్చుకుంటున్నాను.

నా గ్లవ్స్ విప్పుతున్న సలోమక్క చేతులు ఆగిపోయాయి. కుడిచేతి గ్లవ్ తిప్పి చూసింది. కుట్ల సందుల్లో సన్నగా ఎర్రటి పొడి ఉంది. నాలిక చివరతో తాకింది. ఆమె మొహం నేను ఎన్నడూ చూడని రకంగా మారింది.

"ఇది యాడ ఎండబెట్టావే?"

"కళ్ళంలో."

గ్లవ్ పట్టుకుని నేరుగా న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికి నడిచింది. వెనక పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, ఎవరికీ తెలవదు, చెప్పబాక అక్కా, నీకు దణ్ణం పెడతా" అన్నాను. ఎప్పుడూ 'మీరు' అనే నేను ఆ క్షణంలో 'నీకు' అన్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకుని వాళ్ళ ముందు గ్లవ్ పెట్టింది. "మా గ్లవ్స్‌లో కారం ఉందండీ. పిల్ల కావాలని చెయ్యలేదు, కళ్ళంలో ఎండేసింది. చూసుకోకపోవడం నా తప్పు. ఆ అమ్మాయి కళ్ళు ముందు పాలతో కడగండి, ఒట్టి నీళ్ళయితే ఇంకా మండుద్ది" అంది. పది నిమిషాల్లో గెలుపు దీవెనకి రాశారు. ఇంటికి వచ్చే బస్సులో ఆమె పక్కన కూర్చోకుండా వెనక సీట్లోకి పోయాను. దిగేటప్పుడు మాత్రం అనేశాను. "నాలుగు బరువుల్లో గెలిచారుగా మీరు. నాకు ఒక్కటి మిగిల్చితే ఏం పోయేది?" నాకు పదహారేళ్ళు. ఆమెని మనస్ఫూర్తిగా అసహ్యించుకున్నాను.

తర్వాత బ్యారన్‌కి వెళ్ళలేదు. అమ్మతో చేలోకి వెళ్ళి కాయలు కోశాను. ఎనిమిదో రోజు పొద్దున సలోమక్క మా చేలోకి వచ్చింది. ఆదివారం, ఆమె ఏనాడూ చర్చి మానదు. అమ్మని పలకరించి, కొంగు నడుముకి చుట్టి, నా పక్క సాలు పట్టి కాయలు కోయడం మొదలుపెట్టింది. బాక్సింగు ఊసెత్తలేదు. రెండు సాళ్ళు అయ్యేసరికి నన్ను దాటి చాలా ముందుకి పోయింది. నాకు రోషం వచ్చి నేనూ వేగం పెంచాను. అన్నాలకి గట్టు మీద కూర్చున్నాక అప్పుడు చెప్పింది. మూడు వారాల్లో ఒంగోలులో హాస్టల్ వాళ్ళు మిగిలిన సీట్లకి నేరుగా ఎంపిక పెడుతున్నారు. నలభై ఎనిమిదిలో ఖాళీ లేదు. యాభై ఒకటిలో ఒక్కటే ఉంది.

"ఆ బరువులో అందరూ నాకన్నా పెద్దోళ్ళు" అన్నాను నేల చూస్తూ.

"అవును" అంది. ధైర్యం చెప్పడానికి కూడా అబద్ధం ఆడదు ఆ మనిషి.

అమ్మ ముంతలో మజ్జిగ పోస్తూ, "ఏడు ఇంకా అయిపోలేదుగా" అంది. అంతే. మర్నాడు బ్యారన్‌కి వెళ్ళాను. కోపం మాత్రం పోలేదు. కోపంతోనే వెళ్ళాను, కోపంతోనే గుద్దాను. ఆ మూడు వారాలు ఆమె నా ఎదురుగా నిలబడి, నాకన్నా పదిహేను కిలోలు ఎక్కువ బరువుతో నన్ను తోసింది. పడితే లేపేది కాదు. "లే. పైనోళ్ళు లేపరు" అనేది. రోజూ రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగపప్పు, అన్నం మీద అన్నం. మొదటిసారి నా బరువు పెరగడం కోసం ఇద్దరు ఆడవాళ్ళు పోటీపడ్డారు.

యాభై ఒకటిలో ఆడాలంటే నలభై ఎనిమిది దాటి ఉండాలి. ఒంగోలులో కాటా ఎక్కితే నలభై ఏడు కిలోల ఎనిమిది వందలే చూపించింది. సలోమక్క గబగబా పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "తాగు." యార్డుకి తీసుకెళ్ళే ముందు బరువు తూగాలని మిరపకాయల మీద నీళ్ళు చల్లడం మా వైపు అందరూ ఎరిగిందే. ఇన్నాళ్ళ కోపంలోనూ నోరు ఊరుకోలేదు. "ఏందక్కా, కాయలకి నీళ్ళు కొట్టినట్టు నాకు కొడుతున్నారా? ఇది మాత్రం మోసం కాదా?" అన్నాను. ఆమె పన్ను లేని నోటితో పకపకా నవ్వింది. "పిచ్చిదానా, కాయలకి కొట్టిన నీళ్ళు కొనేవోడికి నష్టం. నీ కడుపులో నీళ్ళు మోసేది నువ్వే, కొట్టించుకునేదీ నువ్వే. తాగు!" చెంబు ఖాళీ అయ్యేసరికి ముల్లు నలభై ఎనిమిది దాటింది.

ఎదుటి పిల్ల నాకన్నా ఒక తల ఎత్తు ఎక్కువ. మొదటి రౌండులోనే కింద పడ్డాను. కడుపులో నీళ్ళు గుడగుడలాడుతుండగా లేచాను. మూలకి వచ్చినప్పుడు సలోమక్క నా గడ్డం పట్టుకుని, "దూరంగా ఉంటే దానిది, దగ్గరికి పోతే నీది. భయమేసినా లోపలికే పో" అంది. వెళ్ళాను. ఇంకా దెబ్బలు తిన్నాను, ఇంకా లోపలికి వెళ్ళాను. మూడో రౌండు చివరికి ఆ పిల్ల వెనక్కి అడుగు వేయడం చూశాను. నా చెయ్యి పైకెత్తినప్పుడు సలోమక్క కేకలు వెయ్యలేదు. నా గ్లవ్స్ విప్పి, ఒక్కోటీ తిప్పి చూసి, అప్పుడు నన్ను గుండెకి హత్తుకుంది.

ఆ సీటు నన్ను హాస్టల్‌కి, అక్కడి నుంచి కాలేజీకి, ఇవాళ నేను చేస్తున్న పీఈటీ ఉద్యోగానికి చేర్చింది. యాభై ఒకటిలోనూ తర్వాత యాభై నాలుగులోనూ రాష్ట్రం తరఫున ఆడాను. ఇంత జరిగినా గుంటూరు సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. ఆమె చేసింది సరైనదేనని నాకు ఎప్పుడో తెలుసు. నోటితో ఒప్పుకోవడానికి మాత్రం అహం అడ్డొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

నిరుడు ఆమెకి కడుపులో కంతి అని తేలింది. గుంటూరు ఆసుపత్రిలో చూడబోయిన రోజు ఆమె కూతురు జాయ్, నేను చెరో చెయ్యి పట్టుకుని ఆమెని కాటా ఎక్కించాం. నర్సు అంకె చదివింది. నలభై ఐదు. జాయ్ మొహం పక్కకి తిప్పుకుంది. సలోమక్క నా వైపు చూసి కన్ను గీటింది. "చూడవే, మళ్ళీ మొదటి బరువుకొచ్చా. ఈ బరువులో నన్ను కొట్టినోళ్ళు లేరు."

మంచం మీద పడుకోబెట్టాక ఇక ఆగలేకపోయాను. "అక్కా, ఆ రోజు గుంటూరులో మీరు చెప్పకుండా ఉంటే ఏమయ్యేది?" అని అడిగాను. క్షమించమని అడగాలనుకుని అది అడిగాను.

"ఏమయ్యేది, నువ్వు గెలిచేదానివి" అంది. "నేను ఓడిపోయేదాన్ని. ఓడిపోవడమంటే నాకు పడదని నీకు తెలుసు కదే."

నాలుగు నెలలు పోరాడి పోయింది. ఏ రోజూ డాక్టర్ని ఎన్నాళ్ళని అడగలేదు, ఇవాళ ఏం తినొచ్చని అడిగింది. ఇప్పుడు నా దగ్గర పదకొండు మంది ఆడపిల్లలు ఆట నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఎవరు గెలిచి వచ్చినా, వాళ్ళని మెచ్చుకునే ముందు నన్ను నేను ఒక మాట అడుగుతాను: ఈ గెలుపులో నేను ఓడిపోయానా?