డిగ్రీతో సమానమట

తెనాలి స్టేషన్‌లో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. నా వెంట నల్ల ట్రంకు పెట్టె, పరుపు చుట్టిన హోల్డాలు, ఎనామిల్ మగ్గు. పెట్టె మీద తెల్లరంగుతో నా నంబరు, పేరు. అంతకుముందు వారం దాకా మంచు కొండల మీద ఒక సరిహద్దు పోస్టులో ఉన్నాను. అక్కడ టీ కింద పెట్టి పక్కకు తిరిగితే గడ్డకట్టేది. ఇక్కడ ప్లాట్‌ఫారం కుళాయిలో నీళ్లే టీలా కాలుతున్నాయి.

ఆర్డర్ ఇదీ: కాలేజీ కుర్రాళ్లకు కవాతు, రైఫిల్, వైర్‌లెస్ నేర్పే యూనిట్‌లో రిపోర్టు చెయ్యాలి. తెనాలిలో ఆఫీసు, బాపట్లలో క్యాంపులు, రేపల్లెలో ఒక కాలేజీ. సర్వీసులో ఇదే చివరి పోస్టింగ్. సొంత ప్రాంతానికి వేశారు, అదృష్టవంతుడివి అన్నారు అందరూ. ఇందులో మెలిక ఏముందా అని నేను ఆలోచించాను.

అది నా స్వభావం. నా పని కూడా అలాంటిదే. నేను సిగ్నల్స్ హవల్దారుని. పైన పోస్టులో టెలిఫోన్ తీగ మూగబోతే, మంచు బరువుకు తెగిందని ముందు అనుకోకూడదు. ఎవడో కోసి, బాగుచేయడానికి వచ్చేవాడి కోసం పొంచి కూర్చున్నాడని అనుకోవాలి. దారిలో మెరిసే డబ్బా కనిపిస్తే ముట్టుకోకూడదు, దాని వెనక తీగ ఉందేమో వెతకాలి. అలా వెతికినవాళ్లమే కిందికి దిగి వచ్చాం.

యూనిట్‌లో పెద్దవాడు సుబేదార్ సాబ్. ఉత్తరాది కొండల మనిషి. నా కాగితాలు తిరగేసి హిందీలో అన్నాడు: “పదో తరగతి పాసయ్యావు. పదిహేనేళ్ల సర్వీసు నిండుతోంది. దరఖాస్తు పెట్టు. నీ సర్వీసు డిగ్రీతో సమానమని కాగితం ఇస్తారు.”

“పరీక్ష ఉందా సాబ్?”

“లేదు.”

“ఫీజు?”

“లేదు.”

“మరింకేంటి?”

“ఇంకేమీ లేదు.”

ఆ ‘ఏమీ లేదు’ దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

మా ఆవిడది పేరాల, మగ్గం నేసే ఇల్లు. సాయంత్రం అద్దె ఇంటి వసారాలో కూర్చుని, “డిగ్రీతో సమానమట” అని నవ్వుతూ చెప్పాను. తను నవ్వలేదు.

“పెట్టండి దరఖాస్తు.”

“ఊరికే ఎందుకిస్తారే?”

“ఊరికే ఏంటండీ? పదిహేనేళ్లు మీరక్కడ, నేనిక్కడ. అది ఎక్కడో ఒకచోట లెక్కలోకి రావద్దా?”

మర్నాడే దరఖాస్తు రాశాను.

ఆ కాగితం నాకెందుకు కావాలో కూడా చెప్పాలి. రేపల్లెలో ఒక బ్యాంకులో మాజీ సైనికులకు రెండు రకాల ఉద్యోగాలున్నాయి. పదో తరగతి వాడికి గార్డు పని. డిగ్రీ ఉన్నవాడికి గుమస్తా పని. తలుపు బయట తుపాకీతో నిలబడాలి, లేదంటే తలుపు లోపల కుర్చీలో కూర్చోవాలి. కాపలా అంటే నాకు చిన్నతనం లేదు. కానీ ఇన్నేళ్లు కాపలా కాసి, మిగిలిన బతుకంతా కూడా వచ్చేపోయేవాళ్ల చేతుల్లో ఏముందోనని చూస్తూ నిలబడాలంటే దిగులేసింది. ఆ కాగితం నిజమైతే బాగుండునని గట్టిగా కోరుకున్నాను. కోరుకున్నకొద్దీ అనుమానం ఎక్కువైంది.

దరఖాస్తు మీద ఒక అధికారి సిఫార్సు రాయాలి. బాపట్ల కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే లెక్చరర్ గారు వారానికి రెండు రోజులు యూనిఫాం వేసుకుని మాకు అధికారి అయ్యేవారు. మంచి మనిషే. బెల్టు మాత్రం ఎప్పుడూ వదులుగా ఉండేది. సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులో క్యాంపు. టెంటులో మేమిద్దరమే ఉన్నప్పుడు దరఖాస్తు ఆయన ముందు పెట్టాను. చదివి నవ్వారు.

“ఏంటి హవల్దార్ గారూ, రైఫిల్ మోస్తే డిగ్రీ ఇచ్చేస్తారా?”

మొహం మీద కొట్టినట్టయింది. “తర్వాత చూద్దాంలెండి” అని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. కోపం వచ్చింది. ఆయన అన్నది నిజమేనేమో అన్న బాధ అంతకంటే ఎక్కువ వేసింది. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

ఆ క్యాంపులోనే కుర్రాళ్లు వైర్‌లెస్ సెట్లతో వేషాలు వేసేవారు. ఒకడు అచ్చం సుబేదార్ సాబ్ గొంతుతో మాట్లాడి వంటశాల నుంచి రెండోసారి టీ తెప్పించుకున్నాడు. కెటిల్ మోసుకెళ్లింది నేనే. అప్పటినుంచి నియమం పెట్టాను: రోజుకో గుర్తుమాట. అది చెప్పని గొంతును నమ్మేది లేదు. లెక్చరర్ గారు దాన్ని పిల్లలాట అనేవారు.

వానలు ముగిసే రోజుల్లో తుఫాను వచ్చింది. సాయానికి మా యూనిట్‌ని పిలిచారు. తెనాలిలో సుబేదార్ సాబ్ కంట్రోలు. బాపట్లలో ఒక సెట్టుతో లెక్చరర్ గారు. నేను రేపల్లెకు దక్షిణంగా, సముద్రానికీ మురుగు కాలువకీ మధ్య ఉన్న ఒక పాలెంలో. నా కిట్టు: సెట్టు, అదనపు బ్యాటరీ, తాడు, వానకోటు, అటుకుల సంచి. పాలెంలో అన్నీ తాటాకు ఇళ్లు. గట్టి కట్టడం అంటే బడి ఒక్కటే. అది కాలువ కట్ట వెంబడి చాలా దూరం లోపలికి ఉంది.

పొద్దున తెనాలి నుంచి గుర్తుమాటతో ఆర్డర్ వచ్చింది. “జనాన్ని కదపొద్దు. లారీలు వస్తున్నాయి. కట్ట మీద గాలికి మనిషి నిలవడు. ఓవర్.”

ఆ తర్వాత తెనాలి వినపడలేదు. గాలి ఈశాన్యం నుంచి. వాన అడ్డంగా కొడుతోంది. మధ్యాహ్నానికి కాలువ నీళ్లు వెనక్కి ఎగదన్నడం మొదలుపెట్టాయి. లారీల జాడ లేదు.

అప్పుడు సెట్టులో చెదిరిపోతూ ఒక గొంతు, నా సెట్టును పిలుస్తూ. “రేపల్లె, రేపల్లె. దారి తెగింది, లారీలు రావు. జనాన్ని ఇప్పుడే కట్ట మీద నుంచి బడికి నడిపించండి. తెనాలి చెప్పమంది. ఓవర్.”

పొద్దుటి ఆర్డర్‌కి ఇది పూర్తిగా తలకిందులు.

“గుర్తుమాట చెప్పండి. ఓవర్.”

“చీటీ తడిసి ముద్దయిపోయిందండి. నేను బాపట్ల నుంచి, లెక్చరర్‌ని. నా గొంతు తెలీట్లేదా? ఓవర్.”

“ఈ గాలిలో అందరి గొంతూ ఒకటేనండి. ఓవర్.”

నిజంగానే తెలియలేదు. ఇది ఏ కుర్రాడి వేషమో అయితే, ముసలివాళ్లనీ చంటిపిల్లలనీ తీసుకెళ్లి ఆ కట్ట మీద గాలికి అప్పగించినట్టే. నిజమై నేను నమ్మకపోతే అందరూ ఇక్కడే మునుగుతారు. మైకు మళ్లీ నొక్కాను.

“క్యాంపులో నా దరఖాస్తు చూసి ఏమన్నారు? ఓవర్.”

గరగర. గాలి మోత. మళ్లీ గరగర.

“ఏంటి హవల్దార్ గారూ, రైఫిల్ మోస్తే డిగ్రీ ఇచ్చేస్తారా అన్నాను.” ‘ఓవర్’ అనలేదు. “అలా అనకుండా ఉండాల్సిందండి. జనాన్ని తీయండి. ఓవర్.”

“అందింది. తీస్తున్నాను. అవుట్.”

తీరా చూస్తే, సముద్రం వస్తోంది, ఇళ్లు మిగలవు అని ఎంత చెప్పినా జనం కదలరు. ఇళ్లు ఖాళీ చేయించి దోచుకుంటారని వాళ్ల అనుమానం. ఇదివరకు ఒకసారి అలా జరిగిందట. అందరికంటే ముందు ఒక ముసలమ్మ తన గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పాలెం మొత్తం ఆమెకేసి చూస్తోంది.

“నువ్వెవరబ్బాయ్? నీ మాట నేనెందుకు నమ్మాలి?”

నాకు కోపం రాలేదు. అంతకుముందే నేను సెట్టులో అడిగిన ప్రశ్న అదే.

“ఏం చేస్తే నమ్ముతావు మామ్మా?”

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “ఆ టోపీ ఇటియ్యి. మళ్లీ నా ఇల్లు నాకు చూపించాకే ఇస్తా.”

టోపీ పోగొట్టుకున్న సైనికుడికి శిక్ష తప్పదు. అది ఆమెకు ఎలా తట్టిందో నాకు తెలియదు. తీసి ఇచ్చాను. లోపల రాసిన నంబరును తిప్పి తిప్పి చూసింది. చదువు రాదు, అయినా చూసింది. కొంగున ముడేసుకుని లేచింది. ఆమె లేవగానే పాలెమంతా లేచింది.

తాడు పట్టుకుని, నడుం వంచి, కట్ట మీద ఒకరి వెనక ఒకరు నడిచాం. గాలి ఉధృతమైనప్పుడల్లా అందరం కూర్చునేవాళ్లం. తగ్గగానే లేచేవాళ్లం. పొద్దు పోకముందే బడికి చేరాం. ఒక్కరూ తప్పిపోలేదు. వరండాలో కూర్చున్నాక కూడా ముసలమ్మ కొంగుముడి మీద చెయ్యి తీయలేదు, నా మీదనుంచి చూపు తిప్పలేదు. నేనెక్కడ పారిపోతానోనని కాబోలు.

కొన్నాళ్లకు లెక్చరర్ గారు తనే తెనాలి వచ్చారు. బెల్టు అలాగే వదులుగా ఉంది. నా దరఖాస్తు తీసి ఇచ్చారు, సిఫార్సు రాసి ఉంది.

“ఆ మాట ఇంకెప్పుడూ అననండి” అన్నారు.

“అంటూ ఉండండి సార్. అవసరానికి పనికొచ్చింది” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కాగితం వచ్చింది. ఎండకు పట్టి చూశాను. ముద్రను గోటితో గీకి చూశాను. “నిజమైందేలెండి, చింపుతారు” అని మా ఆవిడ లాక్కుని, తన పెళ్లిచీర మడతలో దాచింది. రేపల్లె బ్యాంకు ఆఫీసరు కూడా దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఇది డిగ్రీయేనా అండి?”

“డిగ్రీ కాదండి. సమానమట.”

ఆయన పైవాళ్లకు రాసి కనుక్కున్నాడు. నేనాయనను తప్పుపట్టలేదు, నేనైనా అదే చేసేవాణ్ణి. చివరికి లోపలి కుర్చీయే దొరికింది. యూనిఫాం మడతపెట్టి ట్రంకు పెట్టె అటక మీదికి ఎక్కించాను. బ్యాంకులో మొదటిరోజే కుర్చీని తలుపు కనిపించేలా తిప్పుకున్నాను. ఉద్యోగం చేసినంత కాలం అది అలాగే ఉంది.

ఇప్పటికీ ఎవరైనా ఆ కాగితం మాట ఎత్తితే నాకు నా టోపీ గుర్తొస్తుంది. గాలి తగ్గాక, అన్న మాట ప్రకారం ముసలమ్మను ఇల్లు చూపించడానికి తీసుకెళ్లాను. మోకాలి లోతు బురద. ఇల్లు ఉన్న చోట ఒక గుంజ మిగిలింది. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గుమ్మం ఉండాల్సిన చోట కూర్చుంది. కొంగుముడి విప్పి టోపీ తీసింది. బడిలో పొయ్యి దగ్గర ఆరబెట్టినట్టుంది, పొడిగా ఉంది. అంత బురదలో, అంత తడిలో అదొక్కటే పొడిగా ఉంది.

“నువ్వు చెప్పింది నిజమేనబ్బాయ్” అంది.

సర్వీసంతా ఎదుటివాడి మాట అబద్ధమేమోనని బతికినవాణ్ణి. ఆ ఒక్కరోజు నా మాట అబద్ధమైతే బాగుండునని ఏడుపొచ్చింది. ఆమె రెండు చేతులతో టోపీ పట్టుకుని నాకేసి చాచి కూర్చుంది. నేను చెయ్యి చాపలేక అలాగే నిలబడ్డాను.