ఒడ్డున వదిలేసిన లంగరు రాయి

నరసరావుపేటలో మా వీధికి కొత్తగా రోడ్డు వేస్తున్నారు. డ్రమ్ముల్లో తారు కాగే ఘాటుకు చుట్టుపక్కల వాళ్లంతా కిటికీలు మూసుకుంటుంటే నేను ఒక్కదాన్నే తెరిచి నిలబడుతున్నాను. నాకు అది వేసవి సెలవుల వాసన. దాచేపల్లి దాటాక కృష్ణ ఒడ్డున, మా కోటమ్మత్త వాళ్ల వాకిట్లో, వెదురు బద్దల బుట్టకు గోనెపట్టాలు చుట్టి వాటి మీద పట్టించిన తారు ఎండకు మెత్తబడి మా అరికాళ్లకు అంటుకునేది. ఆ గుండ్రటి బుట్టనే పుట్టి అంటారు. మా గురవయ్య మామ ఏటి మీద తిరిగేది దాంట్లోనే.

కోటమ్మత్త మా నాన్నకు చెల్లెలు. బడి మూసిన మర్నాడే నన్ను పిడుగురాళ్ల బస్సెక్కించేవారు. అక్కడ బస్సు మారితే ఇక దారి పొడవునా సిమెంటు లారీలే, రోడ్డు పక్క చెట్లకు ఆకుపచ్చ రంగు ఉంటుందన్న సంగతే మర్చిపోవాలి. అత్త వాళ్ల ఇంటి గోడలు నాపరాళ్లు పేర్చినవి కావడంతో మధ్యాహ్నానికల్లా పెనంలా కాలేవి, సాయంత్రం నేల మీద నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేచేది. వాకిట్లో బెజ్జం ఉన్న పెద్ద రాయి ఒకటి పడి ఉండేది. అది పుట్టి కదలకుండా నీళ్లలోకి జారవిడిచే లంగరు రాయి. అత్త పిల్లలిద్దరూ నేనూ దాని మీద మామిడికాయ పగలగొట్టి, ఉప్పూకారం అద్దుకుని తిని, ముంజలు జుర్రుకుని, మిగిలిన పొద్దంతా ఏటి గులకరాళ్లతో అచ్చనగిల్లలు ఆడేవాళ్లం.

మామ వర్షాకాలమంతా రాళ్ల క్వారీలో పనిచేసేవాడు, నీళ్లు తేటపడ్డాక ఏటి మీదికి పోయేవాడు. ఇంటికి రాగానే ఎద్దును కడిగినట్టు పుట్టిని కడిగి, బోర్లించి, అప్పుడు తన కాళ్లు కడుక్కునేవాడు. నేను చెప్పబోయే వేసవిలో మాత్రం ఆయన ఒడ్డు మీది వేపచెట్టు కింద నులకమంచానికే అంటుకుపోయాడు. క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. గురజాల డాక్టరు మా నాన్నను పక్కకు పిలిచి చెప్పిన మాట మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు కానీ, బీడీ వెలిగించినా ఆయన్ను ఎవరూ కసరకపోవడంతో మాకు అర్థమైపోయింది.

గంజి తప్ప ఏదీ సయించని ఆ మనిషి ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "మలుగు చారు తాగాలనుందే" అన్నాడు.

మలుగు చూడటానికి అచ్చం పామే, తీరా చూస్తే చేప. బండల సందుల్లో, నీటి బొరియల్లో ఉంటుంది. పామును పోలిందని కొన్ని ఇళ్లలో ముట్టరు గానీ, మిరియాలు వేసి చారు కాస్తే లేవలేని మనిషి లేచి కూర్చుంటాడని ఆ ఒడ్డున గట్టి నమ్మకం. అత్త మొహం వెలిగింది. ఎవరినైనా అడిగి తెప్పిస్తానంది.

"ఎవురో పట్టింది నాకొద్దు. పుట్టి ఉంది, నువ్వున్నావు."

అత్త వల అల్లగలదు, చేప కోయగలదు. తెడ్డు మాత్రం ఏనాడూ పట్టలేదు, పుట్టిలో కూర్చున్నా మామ నడిపితే కూర్చోవడమే. అయినా చేసుకున్నవాడు నోరు తెరిచి అడిగాక కాదంటే ఆమె కోటమ్మ ఎందుకవుతుంది? మర్నాడు తెల్లవారగానే కొంగు బిగించి గాలపు తాడు, ఎరకు కోడిపేగులు, మలుగు జారిపోకుండా చేతికి రాసుకోవడానికి డబ్బాడు పొయ్యి బూడిద సర్దుకుంది. రాయిని పుట్టిలో పెట్టబోతే మామ మంచం మీది నుంచే ఆపాడు.

"లంగరు వెయ్యమాక. రాయి చప్పుడికి మలుగు బొరియలోకి పోయిద్ది, మళ్లా రాదు. తెడ్డుతోనే నిలబెట్టుకో."

ఆ మొదటి రోజు చూడాలి. పుట్టికి ముందూ లేదు, వెనకా లేదు, తెడ్డు ఎటు వేస్తే అటు గిరగిరా తిరుగుతుంది. గుర్రపు బండ అనే పెద్ద బండ దగ్గరికి పోవాల్సిన అత్త, ఒడ్డు పక్కనే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. నీళ్ల బిందెతో వచ్చిన పొరుగింటి నాగమ్మవ్వ ఒడ్డున నిలబడి, "ఏమే కోటమ్మా, తిరగలి బో తిప్పతన్నావు, పిండేమన్నా పడిందా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మామ నవ్వలేదు. అరిచి చెప్పబోతే దగ్గు అడ్డమొస్తుందని సత్తుగిన్నె తెప్పించుకుని కర్రతో కొట్టేవాడు. ఒక దెబ్బ వేస్తే ఎడమకు తిప్పాలి, రెండు వేస్తే కుడికి. రాయి చప్పుడుకు పోయే మలుగు ఈ గిన్నె చప్పుడుకు పోదా అని అడిగాను. "అది ఏరే చప్పుడులే" అని మొహం తిప్పుకున్నాడు.

అత్త రోజూ పోయేది, ఉత్త చేతులతో వచ్చేది, అరచేతులకు ఆముదం రాసుకునేది. మామ దవడలు రోజురోజుకూ లోపలికి పోతున్నాయి. ఆ చారు ఆయన నోట్లో పోయకముందే ఏమవుతుందోనని ఆమెకు భయం, ఆమె భయం చూసి నాకు భయం. ఒక పొద్దున మాత్రం పుట్టి తిరగలేదు. నీళ్లు రెండు పక్కల నుంచీ జారిపోతున్నా అది గుర్రపు బండ పక్కన అతికించినట్టు ఆగింది. కాసేపటికి గాలపు తాడు బిగిసింది. మలుగు తోకను బండకు చుట్టేసుకుందంటే తాడు తెగాలి, లేకపోతే మనిషి నీళ్లలో పడాలి. గుంజితే లాభం లేదు, అది విసిగి పట్టు వదిలేదాకా ఓపిక పట్టాలి. అత్త తెడ్డును మోకాలి కింద తొక్కిపట్టి, తాడు చేతికి చుట్టుకుని, పుట్టి ఒక పక్కకు ఒరిగిపోతున్నా కదలకుండా కూర్చుంది. మామ గిన్నె కొట్టడం మానేశాడు. ఇక చెప్పాల్సింది లేదన్నట్టు కర్ర పక్కన పెట్టి, మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

ముంజేయంత లావు మలుగు గోతంలో కొట్టుకుంటూ ఉండగా అత్త గీత గీసినట్టు తిన్నగా ఒడ్డుకొచ్చింది. మేమంతా గోతం మీద పడ్డాం. మామ దాని వంక చూడనే లేదు, పుట్టి ఒడ్డుకు తగిలిన తీరే చూశాడు.

మధ్యాహ్నం చారు రెండు గుక్కలు తాగి, "చాల్లే, పిల్లకాయలకు పొయ్యి" అని అటు తిరిగి పడుకున్నాడు. అంత కష్టపడితే రెండు గుక్కలేనా అని నాకు చానాళ్లు ఆయన మీద కోపం ఉండేది. తొలకరి పడకముందే మామ పోయాడు. అత్త ఆ పుట్టి మీదే బతికి పిల్లలిద్దరినీ పెంచింది.

ఇప్పుడు ఆ ఊరు లేదు. కింద ప్రాజెక్టు కట్టాక నీళ్లు వెనక్కి తన్ని గుర్రపు బండ, వేపచెట్టు, నాపరాళ్ల ఇల్లు అన్నీ మునిగిపోయాయి. మలుగులు సముద్రానికి పోయి అక్కడ గుడ్లు పెడతాయట, పిల్లలు మళ్లీ ఏరు ఎదురెక్కి రావాలట. అడ్డుకట్టలు దాటి వచ్చేవి ఎన్నని? ఊరివాళ్లకు మెట్ట మీద కట్టించిన కాలనీలో అత్తకు ఒక ఇల్లొచ్చింది. పోయిన నెల వెళ్లినప్పుడు ఆ లంగరు రాయి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి కనిపించింది. మలుగులు బెదురుతాయని వాడనిది ఇదే కదా అన్నాను.

"బెదిరేదేంది? ఆ గాడి చూడు" అంది అత్త. బెజ్జం చుట్టూ తాడు ఒరిపిడికి వేలు పట్టేంత గాడి పడి ఉంది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని ఎన్ని ముంజలు తిన్నానో, ఒక్కనాడూ చూడలేదు. "మీ మామ ఏనాడూ రాయి వెయ్యకుండా మలుగును పట్టలా."

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండోనాడే. చేతులు పడిపోయినయ్యి, ఆయన చూడకుండా రాయి ఏసుకుపోదామని వంగా. గాడి చేతికి తగిలింది. ఆయనకి కావాల్సింది చారు కాదని అప్పుడు ఎరికైంది. రాయి ఆడనే పెట్టి పోయి పుట్టెక్కా."

ఆయనకు చెప్పావా అంటే లేదని తల ఊపింది. ఆయన పోయాకైనా రాయి వేశావా అని అడిగాను.

"ఎందుకు? నిలబెట్టుకోటం వచ్చిందిగా."