జడ్జిగారి చెవుల మీద అర్జీ

నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక, మనవరాలి పలక మీద. అంతకుముందు ఈ సంగతి రాసే వీలే లేదు. ఎవరిచేతనైనా రాయిద్దామంటే భయం. ఒకసారి రాయించి పడిన సిగ్గు చాలు.

మా ఇంటాయన పోయాక మా మరిది బావి నీళ్ళలో నా వంతు ఆపేశాడు. చెరకు ఎండిపోతుంటే తాలూకా కోర్టుకెక్కాను. అక్కడి జడ్జిగారు నిదానస్తుడు, ఎవరినీ కసరడు. కానీ ఆయనకు చెవులు వినపడవు. అది అందరికీ తెలుసు కాబట్టి వకీలును గొంతు చూసి పెట్టుకునేవాళ్ళు. మరిది వకీలు అరిస్తే బయట శనక్కాయలమ్మే ఆమెకు కూడా వినపడేది. మా వకీలుది సన్న గొంతు, నాదీ అంతే. నేను సాక్ష్యం చెప్పినంతసేపూ జడ్జిగారు తలూపారు. తీర్పులో మాత్రం నా వంతు నేనే వదులుకున్నట్టు వచ్చింది.

కోర్టు ముందర అర్జీలు రాసే ఆయన దగ్గర కూర్చున్నాను.

"పైకోర్టుకు రాయన్నా. ఆయప్పకు చెవులు ఇనపడవని, నా కేసు ఇంకొకరి దగ్గర పెట్టమని."

"ఉత్త చెవులని రాస్తే ఎవురు సూస్తారక్కా? నువ్వు ఏలిముద్ర ఎయ్యి, మిగతాది నేను సూసుకుంటా."

వేశాను.

కొన్నాళ్ళకు చిత్తూరులో పెద్ద జడ్జిగారు విచారణకు పిలిచారు. మా జడ్జిగారు కూడా వచ్చి ఒక పక్కన కూర్చున్నారు. గుమాస్తా అర్జీ చదివాడు. చెవుల మాట అయ్యాక, లంచం తిని తీర్పు చెప్పాడని ఉంది. ఎవరి అర్జీలోనైనా ఆ ముక్క కలపడం ఆ రాసేవాడికి అలవాటని తర్వాత తెలిసింది. మా జడ్జిగారు చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. చదివారు. కింద వేలిముద్ర చూసి, నా ముఖం చూశారు.

"ఆ మాట నేను చెప్పలా సామీ!"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "కొంచెం గట్టిగా, తల్లీ."

"లంచం మాట నాది కాదు సామీ!" అని నోరంతా తెరిచి అరిచాను. కిటికీ దగ్గర జనం చేరారు.

"లంచం లంచమని అరుస్తాండాది సూడప్పా ఆయమ్మ!" అని ఎవరో నవ్వారు. మా జడ్జిగారు ఇక చాలన్నట్టు చెయ్యెత్తి, తల దించుకున్నారు.

"మరి చెవుల మాట?" అని పెద్ద జడ్జిగారు అడిగారు.

"అది నిజమే సామీ."

"సగం నీది కాదంటే ఈ అర్జీని నేనేం చేసేదమ్మా?" అని పక్కన పెట్టేశారు. నా నీళ్ళ వంతు అంతటితో పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే మా జడ్జిగారి ఇంటికి వెళ్ళాను. చేతులు జోడించి గేటు బయట నిలబడితే ఆయనే వచ్చారు. నేను నోరు తెరవకముందే జేబులోంచి కలం, చిన్న కాగితం తీసి ఇచ్చారు. ఇంటికొచ్చే వాళ్ళందరికీ అలాగే ఇస్తారు కాబోలు. వేలిముద్ర వేసిన చేత్తోనే ఆ కలం పట్టుకున్నాను. తర్వాత ఆయనకే తిరిగి ఇచ్చేసి, దండం పెట్టి బస్టాండుకు నడిచాను.