ఇద్దరం కలిసి ఒక వీణ

నా చిన్నప్పుడు, అంటే గుంటూరు ఎండలకు కాకులు కూడా చెప్పులడిగే రోజుల్లో, మా మేనత్త వాయించే వీణ బస్సు టాపెక్కి అద్దంకి వెళ్ళింది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు బ్రాడీపేటలో మా ఇంట్లోనే వదిలేసిన వీణ అది. దానికి తోడు నాన్న, నేను. నా ఒళ్ళో నా కొత్త కీబోర్డు. దాన్ని వదిలి నేను స్నానానికి కూడా కదిలేదాన్ని కాదు.

అత్తయ్య వాళ్ళింట్లో ముందుగది నిండా మిరపకాయ టిక్కీలే, అదే, గోనెబస్తాలే. గుమ్మంలో నిలబడితే చాలు, ఏడు తరాలు కలిసి తుమ్మేవి. ఆ గదిలో వీణ క్లాసు పెట్టుకుంటానని అత్తయ్య ఏళ్ళ తరబడి అడుగుతోంది. చివరికి వాళ్ళ అత్తగారు, "శ్రీరామనవమి పందిట్లో వాయించు, వింటాను. బాగుంటే టిక్కీలు తీయిస్తా. లేదంటే ఇంక ఆ మాటెత్తమాక" అని తేల్చేశారు.

వీణకు మెట్లను మైనంలో కూర్చుతారు. బస్సు దిగి చూస్తే ఆ మైనం కాస్తా పాయసమైపోయింది. మెట్లన్నీ జారి, సంతలో గొర్రెల్లా ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి.

"టార్పాలిన్ కప్పానే!" అన్నారు నాన్న. దాని కిందే మైనం ఇంకా బాగా ఉడికిందని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మళ్ళీ మైనం కట్టాలంటే రోజులు పడతాయి. వాయించాల్సింది ఆ సాయంత్రమే. అత్తయ్య ఏడవలేదు. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

"నా దాంట్లో సితారుందత్తయ్యా" అని బటన్ నొక్కి ఒక కీర్తన వాయించాను. రేకుడబ్బాలో ఇరుక్కున్న కందిరీగలా ఉంది.

"ఏమే కోడలా, అట్టా పొడుస్తావేంటే, పిండి ఉడికిందో లేదో చూసినట్టు! అన్ని స్వరాలూ నువ్వే నొక్కితే నేనేం లాగను? ఒక్కసారి మీటి ఆగు" అంది అత్తయ్య.

కీబోర్డుకు ఎడమపక్క ఒక చిన్న చక్రం ఉంటుంది. తిప్పితే స్వరం వంగుతుంది. అత్తయ్య దాని మీద చెయ్యి వేసింది. వీణ మీద కుడిచెయ్యి మీటుతుంది, ఎడమచెయ్యి తీగ లాగుతుంది. ఆ పూట కుడిచెయ్యి నాది, ఎడమచెయ్యి ఆవిడది. నేను తొందరపడినప్పుడల్లా మోకాలు గిల్లేది. సాయంత్రానికి నా మోకాలు ఎగుమతికి పనికొచ్చే మిరపపండు రంగుకు తిరిగింది.

పందిట్లో అత్తగారు ముందువరసలో కూర్చున్నారు. వీణ వినేటప్పుడు కళ్ళు మూసుకోవాలని ఎవరు చెప్పారో, మేము వేదికెక్కక ముందే మూసేశారు. నేను నొక్కాను. అత్తయ్య లాగింది. ఆ స్వరం వంగి, వణికి, మెల్లగా చల్లారిపోతూ ఉంది. ఇంకోటి నొక్కాలని వేళ్ళు ఒకటే దురద. ఆగాను. ముందువరసలో అత్తగారు తాంబూలం నమలడం ఆపేశారు.

కీర్తన అయ్యాక కళ్ళు తెరిచి, "వీణేదే?" అన్నారు.

"ఎండకి మైనం కరిగిపోయిందత్తయ్యా" అంది మా అత్తయ్య, పందిట్లో ఎవరికీ వినపడనంత చిన్నగా.

ఆవిడ కీబోర్డుకేసి పైనుంచి కిందకి చూశారు. "ఈ పెట్టె మీదే ఇట్టా ఉంటే, అసలుది ఎట్టా ఉంటదో!" అని కొడుకువైపు తిరిగారు. "ఒరేయ్, పొద్దున్నే ఆ టిక్కీలు కొట్లోకి చేర్పించు."

అప్పుడేడ్చింది అత్తయ్య. వడపప్పు పంచుతున్నవాళ్ళు కూడా గరిటెలు ఆపి చూశారు. నాన్న అయితే, టార్పాలిన్ కప్పినప్పటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలారు. ఆ గాలికి పందిరి కాగితాలన్నీ ఎగిరాయి.

ఇప్పటికీ ఎవరైనా "నావల్ల కాదు" అంటే వెళ్ళి పక్కన కూర్చుంటాను. దీన్ని మా ఇంట్లో తలదూర్చడం అంటారు. అననీండి. నా వంతు ఒక్కటే మీటి, వేలెత్తి, మిగతాది వాళ్ళు లాక్కునేదాకా ఊరుకుంటాను. ఆ ఊరుకోవడమే నాకు చచ్చేంత కష్టం.